నరం ఉన్న నాలుక: నిద్రలో శ్వాసభంగం – నాలుక కండరాలకు విద్యుత్ ప్రేరణ

వ్యాససంగ్రహం:
నిద్రలో గొంతుమార్గం మూసుకుపోయి శ్వాస పదేపదే ఆగిపోయే స్థితిని వైద్యులు ‘అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా’ అంటారు. ఈ స్థితిలో నాలుక కండరాలకు విద్యుత్తును అందించే చికిత్సలు కొన్ని దశాబ్దాలుగా రూపొందుతున్నాయి. వీటిలో ఒక రకం రాత్రి నిద్రలో నాలుక నరాన్ని ప్రేరేపిస్తుంది. మరొక రకం పగలు మెలకువలో కండరానికి శిక్షణ ఇస్తుంది. రెండింటి తర్కం, రుజువులు, వర్తించే రోగులు వేరు. తెలుగులో ఈ రెండింటినీ ‘నాలుకకు కరెంటు పెట్టడం’ అనే ఒకే మాటలో చెప్పడం వల్ల ఏర్పడే అయోమయాన్ని తొలగించే దిశగా ఈ చికిత్సల పనితీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నాలుక, గురక, నిద్ర, శ్వాసభంగం, హైపోగ్లాసల్ నరం, విద్యుత్ ప్రేరణ, కండర శిక్షణ, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:

‘నరంలేని నాలుక’ అన్నది తెలుగువారి నోట నిత్యం వినిపించే మాట. పట్టు లేకుండా ఎటుబడితే అటు తిరిగి, ఎంత మాటైనా అనగలిగే అవయవం అన్న అర్థంలో దీనిని వాడతారు. ఇక్కడ ‘నరం’ అంటే లోపల నిలబెట్టే గట్టి పోగు. తెలుగులో నరమనే మాటకు పరిధి పెద్దది. కోపంతో మెడ మీద నరాలు తేలాయన్నప్పుడు అది రక్తనాళం. నరాల బలహీనత అన్నప్పుడు అది మెదడు నుండి కండరానికి ఆజ్ఞను మోసుకెళ్ళే తంతువు. మొదటి అర్థంలో ఎలా ఉన్నా, రెండవ అర్థంలో మాత్రం నాలుక నరంలేనిది కాదు. నాలుకను కదిలించడానికే కపాలం నుండి ప్రత్యేకంగా ఒక నరం దిగివస్తుంది. కపాల నరాల వరుసలో ఇది పన్నెండవది. దీని పేరు హైపోగ్లాసల్. గ్రీకులో నాలుక కింది నరమని అర్థం. నాలుక కండరాలలో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ దీని ఆజ్ఞమీదనే కదులుతాయి. ఈ వ్యాసంలో చర్చించే చికిత్సలన్నిటికీ ఆధారం ఈ నరమూ, ఇది నడిపించే కండరమూ.

2. గురకకు భాష ఇచ్చిన అర్థం:

‘గుర్రుపెట్టి నిద్రపోయాడు’ అంటే తెలుగులో హాయిగా, ఒళ్ళెరుగక నిద్రపోయాడని అర్థం. కలతనిద్రకు, కునుకుపాటుకు గురకను ఎవరూ జోడించరు. వాల్మీకి యుద్ధకాండలో కుంభకర్ణుని నిశ్వాసపు గాలికి అతనిని లేపవచ్చిన రాక్షసులు నిలవలేకపోయిన సన్నివేశం పాఠకులకు తెలిసినదే. ఆ పాత్రకు రోగనిర్ధారణ చేయబూనడం వ్యర్థప్రయాస. అయితే పెద్ద శబ్దంతో కూడిన శ్వాసను గాఢనిద్రకు గుర్తుగా భావించే అలవాటు ఎంత పాతదో గ్రహించడానికి ఆ సన్నివేశం ఉపకరిస్తుంది.

ఇటువంటి భావన ఆంగ్ల సాహిత్యంలోనూ ఉంది. చార్లెస్ డికెన్స్ 1836-37లో వెలువరించిన ‘పిక్‌విక్ పేపర్స్’ నవలలో జో అనే లావుపాటి కుర్రవాడు నిలుచున్నచోటనే నిద్రలోకి జారుకుంటాడు, గురక పెడతాడు. డికెన్స్ అతనిని హాస్యపాత్రగానే చిత్రించాడు. 1956లో బర్వెల్, అతని సహచరులు ఒక స్థూలకాయుని గురించి వైద్యపత్రం రాస్తూ ఆ స్థితికి ‘పిక్‌వికియన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఆ రోగి పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చిన క్షణంలో కూడా నిద్రలోకి జారిపోయి ఆట పోగొట్టుకున్నాడట. ఆయన ఆసుపత్రికి రావడానికి కారణం అదేనని ఆ పత్రం చెబుతుంది. పగటి మగతకు మూలం రాత్రి నిద్రలో గొంతు మూసుకుపోవడమని మాత్రం అప్పటికి తేలలేదు. 1965లో ఫ్రాన్స్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో నిద్రలో శ్వాసను నమోదు చేసి చూసిన తరువాతనే ఈ సంబంధం స్పష్టమైంది. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో కృషితో ‘స్లీప్ ఆప్నియా సిండ్రోమ్’ అన్న పేరు స్థిరపడింది.

నవలలోని హాస్యం నిఘంటువులోని రోగంగా మారడానికి నూటపాతికేళ్ళకు పైగా పట్టింది. తెలుగు నుడికారంలో గురక ఇప్పటికీ హాస్యం దగ్గరే ఆగింది. భార్యాభర్తల పరిహాసాలలో, చలనచిత్రాల్లో గురక నవ్వు పుట్టించే శబ్దం మాత్రమే. వైద్యుని దగ్గరకు ఆలస్యంగా వెళ్ళడానికి ఈ నుడికారం కూడా ఒక కారణమనుకోవడంలో తప్పులేదు.

3. మాటకు అనువైన గొంతు:

ముక్కు వెనుక భాగం నుండి స్వరపేటిక వరకు ఉన్న గొంతుమార్గానికి చుట్టూ నిలబెట్టే గట్టి ఎముక గాని, మృదులాస్థి వలయాలు గాని లేవు. కింద శ్వాసనాళానికి వలయాలున్నాయి, పైన ముక్కుకు ఎముక ఉంది. నడుమనున్న ఈ భాగం మాత్రం కండరాలతో ఏర్పడిన మెత్తని గొట్టం. దీని ముందుగోడలో పై భాగం మెత్తని అంగిలి, కొండనాలుక. కింది భాగం జిహ్వామూలం.

ధ్వనిశాస్త్రం చదివినవారికి ఈ ప్రదేశం కొత్తకాదు. వర్ణోత్పత్తి స్థానాలను వివరించిన ప్రాచీన శిక్షాకారులు జిహ్వామూలమనే పేరును ఎప్పుడో స్థిరపరిచారు. నాలుక వెనుకభాగం మెత్తని అంగిలిని తాకితే క-వర్గం పుడుతుంది. నాలుక ముందుకు, వెనుకకు, పైకి, కిందికి స్వేచ్ఛగా కదలగలిగితేనే అచ్చుల భేదం సాధ్యమవుతుంది. మానవునిలో స్వరపేటిక కిందికి దిగి, నాలుక వెనుకభాగం గొంతులోకి చేరడం వల్ల ఈ స్వేచ్ఛ వచ్చింది. మాటకు వీలిచ్చిన ఈ నిర్మాణమే నిద్రలో గొంతు మూసుకుపోవడానికి కూడా వీలిచ్చిందని కొందరు వైద్య పరిశోధకులు ఊహ చేశారు. దీనిని రుజువైన సత్యంగా గాక ఒక ఊహగానే స్వీకరించాలి. అయినా మాట్లాడే అవయవమూ, ఊపిరికి దారినిచ్చే అవయవమూ ఒకటే కావడం వల్ల వచ్చిన చిక్కును ఇది బాగా చూపుతుంది.

4. నిద్రలో జరిగేది:

ఊపిరి లోపలికి తీసుకొనేటప్పుడు గొంతులో పీడనం తగ్గి, మెత్తని గోడలు లోపలికి లాగబడతాయి. వాటిని తెరచి ఉంచేది ప్రధానంగా జీనియోగ్లాసస్ అనే కండరం. పేరులోనే చుబుకమూ, నాలుకా ఉన్నాయి. ఇది కింది దవడ లోపలివైపు, గడ్డం వెనుక, ఒక చిన్న ఎముక మొన దగ్గర మొదలై విసనకర్రలాగా నాలుక అంతటా పరుచుకుంటుంది. ఇది సంకోచిస్తే నాలుక ముందుకు వస్తుంది, జిహ్వామూలం గొంతు వెనుకగోడ నుండి దూరంగా జరుగుతుంది. మెలకువలో ఈ కండరానికి ప్రతి శ్వాసతోపాటు ఆజ్ఞ అందుతుంది. డయాఫ్రమ్ కదలడానికి కొద్ది క్షణం ముందుగానే ఇది బిగుసుకుంటుంది. తలుపు తీశాక గాలి వస్తుందన్నట్లు ఉంటుంది ఈ ఏర్పాటు.

నిద్రపట్టగానే ఈ ఆజ్ఞ బలహీనపడుతుంది. హైపోగ్లాసల్ నరకణాలను మెలకువలో ఉత్తేజపరిచే నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్ వంటి రసాయనాలు నిద్రలో తగ్గుతాయి. కలల నిద్రలో ఈ తగ్గుదల మరింత ఎక్కువ. గొంతుమార్గం విశాలంగా ఉన్నవారికి దీనివల్ల నష్టం ఉండదు. మెడ చుట్టూ, నాలుకలో కొవ్వు పెరిగినవారికి, దవడ వెనుకకు ఉన్నవారికి దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి పోతున్నప్పుడు మెత్తని గోడలు కంపించడమే గురక. పూర్తిగా మూసుకుపోయి కనీసం 10 సెకన్లు గాలి ఆగితే అది ఆప్నియా. గాలి కొంతమేరకు తగ్గి, దానితో రక్తంలో ఆక్సిజన్ తగ్గడమో, నిద్ర చెదరడమో జరిగితే హైపాప్నియా. ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు మెదడు నిద్రను క్షణకాలం చెదరగొట్టి కండరాన్ని బిగిస్తుంది. పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి వస్తుంది. వెంటనే మళ్ళీ నిద్ర. ఇలా రాత్రంతా జరిగినా నిద్రించినవారికి ఉదయం ఏమీ గుర్తుండదు. రోగలక్షణాన్ని రోగి గాక పక్కన పడుకున్నవారు చూడడం ఈ వ్యాధి విశేషం.

గంటకు ఇటువంటి శ్వాసభంగాలు ఎన్ని జరిగాయన్న లెక్కను ఆప్నియా-హైపాప్నియా ఇండెక్స్ అంటారు. ఇకపై దీనిని ‘శ్వాసభంగ సూచిక’ అని వ్యవహరించడం జరుగుతుంది. ఇది 5 నుండి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుండి 30 లోపు మధ్యమం, 30 లేదా అంతకు మించితే తీవ్రం. 30 నుండి 69 ఏళ్ళ వయస్సులో ఈ సూచిక 5 లేదా అంతకన్నా ఎక్కువగా ఉన్నవారు ప్రపంచంలో సుమారు 93.6 కోట్లమంది ఉంటారని 2019లో ప్రచురితమైన ఒక అంచనా.

ఇక్కడ ఒక కీలకమైన విషయాన్ని గమనించాలి. నిద్రలో నాలుక వెనుకకు జారుతోందంటే ఆ కండరం బలహీనమైనదని సామాన్యంగా తోస్తుంది. 1992లో మెజనోట్, టాంజెల్, వైట్ చేసిన పరిశోధన దీనికి భిన్నమైన ఫలితాన్నిచ్చింది. మెలకువలో ఉన్నప్పుడు ఈ రోగులలో జీనియోగ్లాసస్ ఆరోగ్యవంతుల కంటె ఎక్కువగా పనిచేస్తున్నది. ఇరుకు దారిని తెరచి ఉంచడానికి అది పగలంతా అదనపు శ్రమ చేస్తోంది. అంటే ప్రధానంగా లోపించింది కండరబలం కాదు, నిద్రలో దానికి అందవలసిన ఆజ్ఞ. రెండు విద్యుత్ చికిత్సల మధ్య ఉన్న తేడాకు మూలం ఈ విషయంలోనే ఉంది.

5. రాత్రి ప్రేరణ:

ఆజ్ఞ లోపించినప్పుడు బయటినుండి ఆజ్ఞనివ్వడం సహజమైన ఆలోచన. అంతకుముందే వేరే మార్గం ఒకటి స్థిరపడింది. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ ముక్కుకు తొడుగు అమర్చి, నిరంతర పీడనంతో గాలిని పంపి గొంతును తెరచి ఉంచే సీపాప్ పద్ధతిని ప్రకటించాడు. నేటికీ ప్రధాన చికిత్స అదే. అదే ఏడాది ఫుజిటా కొండనాలుకను, మెత్తని అంగిలిలో కొంత భాగాన్ని తొలగించే శస్త్రచికిత్సను వివరించాడు. దాని ఫలితాలు అందరిలో ఒకే విధంగా లేవు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అంత కఠినంగా దీనికి వర్తించదు గాని, మూసుకుపోయేది జిహ్వామూలం దగ్గరైతే కొండనాలుకను కత్తిరించి ప్రయోజనమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే.

సీపాప్ తొడుగును రాత్రంతా భరించలేనివారు చాలామంది. నరాన్ని ప్రేరేపించే పరిశోధన ప్రధానంగా వారికోసం సాగింది. 2001లో ష్వార్ట్జ్ బృందం 8 మంది రోగులలో అమర్చిన పరికరంతో ఇది సాధ్యమేనని చూపింది. తరువాత ‘ఇన్‌స్పైర్’ పేరుతో వచ్చిన పరికరంలో మూడు భాగాలున్నాయి. ఛాతీ పైభాగంలో చర్మం కింద విద్యుత్ జనకం, పక్కటెముకల నడుమ శ్వాసను పసిగట్టే తీగ, గడ్డం కింద నరానికి చుట్టిన ఎలక్ట్రోడ్. ఇటీవలి నమూనాలో శ్వాసను పసిగట్టే భాగాన్ని జనకంలోనే చేర్చి విడి తీగను తీసివేశారు.

శస్త్రవైద్యుని నేర్పు ఎలక్ట్రోడ్‌ను అమర్చే చోట తెలుస్తుంది. హైపోగ్లాసల్ నరం మొత్తాన్ని ప్రేరేపిస్తే నాలుకను ముందుకు తెచ్చే కండరమూ, వెనుకకు లాగే కండరాలూ ఒకేసారి బిగుసుకుంటాయి. కనుక వెనుకకు లాగే శాఖలను విడిచిపెట్టి, ముందుకు తెచ్చే శాఖలకే దానిని చుట్టాలి. రోగి పడుకొనేముందు రిమోట్‌తో పరికరాన్ని పనిచేయిస్తాడు. నిద్రపట్టడానికి కొంత వ్యవధినిచ్చి, ఆపై ప్రతి శ్వాసకు అనుగుణంగా మృదువైన స్పందన నరానికి అందుతుంది. నాలుక ముందుకు జరగాలి, నిద్ర మాత్రం చెదరకూడదు. ఆ రెండింటి నడుమ తగిన విద్యుత్ పరిమాణాన్ని నిద్ర ప్రయోగశాలలో నిర్ణయిస్తారు.

స్టార్ పేరిట జరిగిన ప్రయోగ ఫలితాలు 2014 జనవరిలో వెలువడ్డాయి. సీపాప్‌ను వాడలేకపోయిన 126 మందికి పరికరం అమర్చగా, వారి శ్వాసభంగ సూచిక మధ్యగతం ఒక సంవత్సరంలో 29.3 నుండి 9.0కు తగ్గింది. నిర్ణయించిన ప్రమాణం మేరకు మేలు పొందినవారు 66 శాతం. అంటే మూడింట ఒక వంతుమందికి ఆశించినంత మేలు కలగలేదు. ఈ సంఖ్యను ప్రకటనలు పెద్దగా ప్రస్తావించవు.

ఆ ప్రయోగంలో అంతకన్నా విలువైన భాగం మరొకటుంది. మేలు పొందిన 46 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు వారం రోజులపాటు పరికరాన్ని ఆపివేశారు. ఆ జట్టులో సగటు సూచిక 7.6 నుండి 25.8కి పెరిగింది. ఏడాదిపాటు రాత్రి రాత్రీ కండరం సంకోచించినా, స్పందన ఆగిన వారంలోపే వ్యాధి దాదాపు పూర్వస్థితికి వచ్చింది. కండరం గట్టిపడి ఉంటే ఇంత త్వరగా ఇలా జరగవలసిన పనిలేదు. ఈ చికిత్స కండరాన్ని మార్చదు, లోపించిన ఆజ్ఞను ఏ రాత్రికారాత్రి భర్తీచేస్తుంది. కళ్ళజోడు చూపును బాగుచేయకుండానే చూపునిచ్చినట్లు.

2014 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ పరికరానికి అనుమతినిచ్చింది. గొంతు అన్నివైపులనుండి వలయాకారంగా మూసుకుపోయేవారికి నాలుకను ముందుకు తెచ్చినా ఫలితం తక్కువ. అందుచేత మత్తుతో నిద్రపుచ్చి, ఎండోస్కోపుతో గొంతును చూసి, తగినవారిని ఎంపిక చేసే విధానం ఏర్పడింది.

6. పగటి శిక్షణ:

2021 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ అనుమతించిన ‘ఎక్సైట్ ఓఎస్ఏ’ పరికరం తీరు వేరు. దీనికి శస్త్రచికిత్స అవసరం లేదు. నాలుకకు పైన రెండు, కింద రెండు ఎలక్ట్రోడ్లు వచ్చేలా నోటిలో అమర్చుకొనే తొడుగు ఇది. మెలకువలోనే రోజుకొకసారి 20 నిమిషాల చొప్పున ఆరు వారాలు, ఆపై వారానికొకసారి వాడాలి. అమెరికాలో వైద్యుని చీటీ ఉంటేనే లభిస్తుంది. 18 ఏళ్ళు దాటినవారిలో గురకకు, స్వల్పస్థాయి శ్వాసభంగానికి మాత్రమే దీనికి అనుమతి ఉంది. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, నోటిలో పుండ్లున్నవారు, పళ్ళకు లోహపు కట్లున్నవారు దీనిని వాడరాదు. లాలాజలం ఎక్కువ కావడం, నాలుక చిమచిమలాడడం, నోట లోహపు రుచి తెలియడం దీని ఇబ్బందులలో కొన్ని.

ఎఫ్‌డీఏ పరిశీలించిన 115 మందిలో 87 మందికి 40 డెసిబెల్స్ దాటిన గురక వ్యవధి 20 శాతానికి మించి తగ్గింది. స్వల్ప శ్వాసభంగమున్న 48 మందిలో 41 మందికి సూచిక సగటున 10.21 నుండి 5.27కు తగ్గింది. ఈ సంఖ్యలు ఆశాజనకమైనవే. కాని ఈ అధ్యయనంలో విద్యుత్తులేని నకిలీ పరికరాన్ని వాడిన పోలిక జట్టు లేదు. నిద్ర సూచిక ఒక రాత్రికీ మరొక రాత్రికీ మారుతుంది గనుక, అటువంటి పోలిక లేనప్పుడు తగ్గుదల మొత్తాన్నీ పరికరానికి ఆపాదించడం తొందరపాటు.

పోలిక జట్టుతో జరిగిన అధ్యయనం అంతకుముందే ఒకటుంది. 2004లో జర్మనీలో రాండరాత్ బృందం వేరొక పరికరంతో పగటిపూట నాలుక కండరాలకు విద్యుత్ శిక్షణనిచ్చి, నకిలీ చికిత్స పొందినవారితో పోల్చింది. శిక్షణ పొందినవారిలో గురక తగ్గింది. శ్వాసభంగ సూచికలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ రోగులు, ఆ పరికరం వేరన్నది నిజమే. అయినా మెజనోట్ బృందం కనుగొన్న విషయంతో ఈ ఫలితం చక్కగా పొసగుతుంది. పగలు ఇప్పటికే అధికంగా శ్రమిస్తున్న కండరానికి పగలే మరింత వ్యాయామం నేర్పితే, నిద్రలో అందని ఆజ్ఞ ఎక్కడినుండి వస్తుంది?

శిక్షణ వ్యర్థమని దీని అర్థం కాదు. 2009లో బ్రెజిల్‌లో గిమరేస్ బృందం 31 మంది మధ్యమస్థాయి రోగులలో విద్యుత్తు లేకుండానే నాలుక, అంగిలి వ్యాయామాలను పరీక్షించింది. మూడు నెలలలో వ్యాయామం చేసినవారి సూచిక 22.4 నుండి 13.7కు తగ్గింది. ఆ వ్యాయామాలలో ఒక అచ్చును విడివిడిగా, ఆపై దీర్ఘంగా పలకడం కూడా ఉంది. ఉచ్చారణను బోధించేవారికి ఆసక్తి కలిగించే అంశమిది. కండరం అలసటను తట్టుకొనే శక్తి పెరగడం, విశ్రాంతిలోనూ కొంత బిగువు నిలవడం ఇందుకు కారణాలు కావచ్చు. దారి స్వల్పంగా ఇరుకైనవారికి అంతమాత్రం చాలవచ్చు. తీవ్రరోగికి చాలదు.

కనుక తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు వాడడం అవసరం. నరానికి నిద్రలో, శ్వాసతోపాటు అందే దానిని ‘ప్రేరణ’ అని, మెలకువలో కండరానికి ఇచ్చే దానిని ‘శిక్షణ’ అని వ్యవహరిస్తే, ఒకటి ఆపిన వెంటనే ఫలితం పోతుందనీ, మరొకటి ఆపిన తరువాత కూడా కొంత నిలవాలనే ఆశతో సాగుతుందనీ పేరులోనే తెలుస్తుంది.

7. ప్రమాదపు అంచున ఉన్నవారు:

రోగం ఇంకా నిర్ధారణ కాకపోయినా దానికి అవకాశమున్నవారిని గుర్తించడానికి టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం రూపొందించిన స్టాప్-బాంగ్ ప్రశ్నావళి విస్తృతంగా వాడుకలో ఉంది. గురక, పగటి అలసట, శ్వాస ఆగడాన్ని ఇతరులు చూడడం, రక్తపోటు, స్థూలకాయం, వయస్సు, మెడ చుట్టుకొలత, పురుషుడు కావడం అనే ఎనిమిది అంశాలు అందులో ఉన్నాయి. దక్షిణాసియావాసులలో శరీరబరువు అంత ఎక్కువ లేకున్నా ఈ వ్యాధి కనిపిస్తుంది గనుక, సన్నగా ఉన్నవారికి రాదనుకోవడం సరికాదు.

అసలు ప్రమాదం ఇటువంటివారి విషయంలోనే ఉంది. గురక ఒక్కటే బాధగా తోచి, నిద్రపరీక్ష చేయించుకోకుండా గడ్డం కింద అంటించుకొనే పట్టీనో, నోటి పరికరాన్నో కొని వాడితే గురక నిజంగానే తగ్గవచ్చు. పక్కనున్నవారు సంతోషించవచ్చు. 2004 నాటి ఫలితం చూపినట్లు గురక తగ్గినా శ్వాసభంగాలు అలాగే కొనసాగే అవకాశముంది. అప్పుడు ఇంట్లో వ్యాధిని పసిగట్టడానికి ఉన్న ఒకే ఒక శబ్దం కూడా ఆగిపోతుంది. రక్తపోటు, పగటి మగత, వాహనం నడుపుతూ కునుకుపట్టే అపాయం మాత్రం మిగులుతాయి.

ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేటప్పుడు కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి. ‘మీకు గురక వస్తుందా?’ అని రోగిని అడిగితే, నుడికారం నేర్పిన ప్రకారం, ‘హాయిగా నిద్రపడుతుందండీ’ అనే జవాబే రావచ్చు. అడగవలసింది పక్కన పడుకున్నవారిని. ‘ఆయన గురక మధ్యలో హఠాత్తుగా ఆగిపోయి, కొంతసేపు ఏ చప్పుడూ లేక, ఆపై ఉక్కిరిబిక్కిరైనట్లు ఊపిరి తీసుకోవడం ఎప్పుడైనా గమనించారా?’ అన్నది ఆ ప్రశ్న.